చర్చి సొసైటీకి బ్యాంకులో 9 లక్షలున్నా జీతాలకు డబ్బుల్లేవట, ఎలా?

లంకకుర్రాడు:
అందరికీ వందనాలు. మాది కోనసీమలో చిన్న సంఘం. చర్చి సొసైటీ కింద 11 మంది పెద్దవాళ్లతో వృద్ధాశ్రమం నడుస్తోంది. మొన్న నన్ను కమిటీలో వేశారు, పాత ట్రెజరర్ గారు మూడు పాస్‌బుక్కులు చేతిలో పెట్టి "ఇక నువ్వే చూసుకో బాబూ" అన్నారు. మూడూ కలిపితే 9 లక్షల పైనే, కానీ వంటామెకు రెండు నెలల జీతం బాకీ! అడిగితే "ఆ డబ్బు కదపకూడదు" అంటారు, ఎందుకో చెప్పరు. ఎవరో తినేశారని నా అనుమానం, ఆదివారం అందరి ముందూ లేచి అడిగేద్దామని ఉంది.

పాతలెక్కలు:
ఆగు తమ్ముడూ. ముందు ఏ పాస్‌బుక్కు దేనిదో చూడు. ఒకటి మందిర నిర్మాణ నిధి అయ్యుంటుంది, దానికని ఇచ్చిన డబ్బుతో బియ్యం కొంటే రేపు ఇచ్చినవాళ్లే నిలదీస్తారు. ఇంకోటి ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిదా? అయితే విదేశీ డబ్బు, విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో సవరణ వచ్చాక అవి తీసుకునేవాళ్లందరూ అక్కడే ఖాతా తెరవాల్సొచ్చింది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ అయిదేళ్లే, రెన్యూవల్ రాకపోతే కొత్తగా తీసుకోకూడదు సరే, ఉన్నదీ ముట్టుకోకూడదు. మిగిలినదాన్ని నెల ఖర్చుతో భాగించు, మీ ఆశ్రమానికి ఎన్నాళ్లు ఊపిరుందో తెలుస్తుంది.

లంకకుర్రాడు:
అచ్చం అదే అన్నా. నిర్మాణానిది 4.6 లక్షలు, ఢిల్లీది 3.9, రెన్యూవల్ నిరుడు తిరస్కరించారట. మిగిలింది 61 వేలు, నెల ఖర్చు 48 వేలు. వంటామే "ముందు బియ్యం కొనండి, నాకు తర్వాత ఇద్దురుగానీ" అందట. టెన్షన్‌తో రాత్రి నిద్ర లేదు.

సిస్టర్_భీమవరం:
బియ్యం ఖర్చు తగ్గించుకోవచ్చు బాబూ. మా స్త్రీల సమాజం వాళ్లు వండే ముందు పిడికెడు బియ్యం డబ్బాలో వేసి ఆదివారం తెస్తారు. ఇదివరకు వేలం వేసేవాళ్లు, ఇప్పుడు నేరుగా మా హాస్టల్ వంటకే. కోతపండుగ వేలంపాట బాకీలు కూడా చూడండి, మా దగ్గర గుమ్మడికాయ వెయ్యికి పాడినాయన ఏడాదైనా కట్టలేదు, కాయ మాత్రం ఆ రోజే పట్టుకెళ్లాడు.

ఆడిట్‌బాబాయ్:
అమెరికాలో మీ ఊరివాళ్లుంటే అడగండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర మాత్రం రూపాయి కూడా వద్దు, చుట్టాలైనా సరే. మీ సొసైటీకి 80జీ (దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే గుర్తింపు) ఉంటే నగదు 2,000 దాటి తీసుకోకండి, దాతకు మినహాయింపు రాదు.

లంకకుర్రాడు:
థాంక్స్ బాబాయ్, అందరికీ. ఆదివారం లేచి అడగను. మూడు ఖాతాల లెక్కా ఒక కాగితం మీద రాసి, ట్రెజరర్ గారికి చూపించి, నోటీసు బోర్డుకు అంటిస్తా. వంటామెకు ఒక నెల జీతం రేపే ఇస్తున్నాం.