అప్‌డేట్: వాగు నీటిపై రంగుల తెట్టు – అది నూనె కాదు

మూడు వారాల క్రితం ఇక్కడ ఒక ప్రశ్న అడిగాను. మేము కొందరం ప్రతి ఆదివారం చెత్త ఏరే వాగులో, ఒడ్డు పక్కన నీరు నిలిచిన చోట ఇంద్రధనుస్సు రంగుల తెట్టు, కింద నారింజ రంగు బురద కనిపిస్తున్నాయి, ఎవరైనా నూనె పారబోస్తున్నారా అని. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సంగతి తేలింది.

పనికొచ్చింది పుల్లతో కదిపి చూడమన్న సలహా. ఎండుపుల్లతో గీయగానే తెట్టు పగిలిన అద్దంలా పెళుసు ముక్కలుగా విడిపోయింది, అలాగే ఉండిపోయింది. నూనె అయితే మళ్లీ కలిసిపోయేది. వాసన కూడా పెట్రోలుది కాదు, కుళ్లిన ఆకులది.

నమూనా చూసిన నీటి పరీక్షల నిపుణురాలు ఇనుప బ్యాక్టీరియా అని తేల్చారు. భూగర్భజలంలో కరిగి ఉన్న ఇనుము ఊటతో బయటికి వచ్చి గాలి తగలగానే ఈ సూక్ష్మజీవులు దాన్ని తుప్పుగా మారుస్తాయి. నారింజ బురద అదే. రోగాలు తెచ్చేవి కావు, తీయనక్కర్లేదన్నారు. నేను అప్పటికే రెండు బకెట్లు తోడి పోశాను! నడుము నొప్పి మిగిలింది, తెట్టు నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది.

ఎగువన ఉన్న మెకానిక్ షెడ్డు మీద నా అనుమానం వట్టిదే. లిట్మస్ కాగితాలూ దండగే. అవి ఆమ్లమో క్షారమో చెబుతాయి గానీ నూనె సంగతి చెప్పవు.

మీరు కదిపినప్పుడు తెట్టు మళ్లీ అతుక్కుని, డీజిల్ వాసన వస్తే మాత్రం చేయి పెట్టకుండా కాలుష్య నియంత్రణ అధికారులకు ఫోను చేయండి.

మొన్న ఆదివారం పిల్లలకు ఆ ఊట చూపించాం. తలా ఒక పుల్ల పట్టుకుని వరుస కట్టారు.