తొట్టి గోడలు పలచన చేయాలా, పెట్టెలో వచ్చినట్టే కట్టాలా? (1953 ఫోర్డ్ ఎఫ్-100, 1/25)

గోదారిగట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. ఈ విషయం మీద ఇద్దరు మిత్రులతో వారం రోజులుగా నాకు వాదన నడుస్తోంది. ఇక్కడ పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి మీ ముందే పెడుతున్నాను.

నేను కడుతున్నది 1/25 స్కేల్లో (అసలు బండిలో 25వ వంతు) 1953 ఫోర్డ్ ఎఫ్-100 పికప్ ప్లాస్టిక్ నమూనా. పాత అమెరికన్ అచ్చులోంచి తీసిన, విడి ముక్కలుగా వచ్చే కిట్. క్యాబ్ ఆకారం చక్కగా కుదిరింది. బానెట్ వంపు చూస్తే అసలు బండి ఫోటో చూసినట్టే ఉంది. వెనక తొట్టి దగ్గరే పేచీ. దాని పక్క గోడల మందం కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిస్తే 1.5 మిల్లీమీటర్లు వచ్చాయి. 25తో గుణిస్తే అసలు బండిలో 37 మిల్లీమీటర్ల పైమాటే. అసలు బండికి వాడిన రేకు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. రేకు తొట్టి కట్టమంటే సిమెంటు తొట్టి కట్టినట్టుంది.

నా వాదన ఇది. కారు కిట్లో ప్లాస్టిక్ ఎంత మందంగా ఉన్నా లోపల సీట్లు, తలుపు పలకలు దాన్ని కప్పేస్తాయి. పికప్‌లో ఆ వీలు లేదు. తొట్టి పైన తెరిచే ఉంటుంది, గోడకు రెండు వైపులూ కంటికి కనబడతాయి. అందుకే పికప్ కట్టేవాడు ముందు తొట్టి సంగతే చూసుకోవాలి. నేను ఎడమ గోడ పై అంచును ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టాను కూడా.

మిత్రులేమో "పెట్టెలో వచ్చినట్టు కట్టు, లేకపోతే ఈ జన్మలో పూర్తవదు" అంటున్నారు. మీ మాట చెప్పండి.

వాటర్‌పేపర్600 (హైదరాబాద్):

గోదారిగట్టు గారూ, నేను మీ మిత్రుల పక్షం.

నా అలమరలో సగంలో ఆగిపోయిన పికప్‌లు ఐదు ఉన్నాయి. ఐదూ "మెరుగు" పేరుతో ఆగిపోయినవే. అందులో ఒకటి 1956 ఎఫ్-100. తలుపులు కోసి విడిగా పెట్టాను. కీళ్ళకు గుండుసూదులు వంచాను. మూడేళ్ళ కింద ఆ బండి చెప్పుల డబ్బాలోకి వెళ్ళింది, ఇంకా బయటికి రాలేదు. అదే ఏడు మా తమ్ముడు అదే కిట్‌ను ఏ మార్పూ చేయకుండా కట్టి, శుభ్రంగా నీలం రంగు కొట్టి షోకేసులో పెట్టాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని దగ్గరే ఆగుతారు.

ప్లాస్టిక్ మందంగా ఉండటానికి కారణం నిర్లక్ష్యం కాదు, అది కూడా అర్థం చేసుకోవాలి. కరిగిన పాలీస్టైరీన్‌ను (కిట్ల ప్లాస్టిక్ అదే) ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి ఎక్కిస్తారు. సందు మరీ సన్నగా ఉంటే అది చివరిదాకా పారేలోపే గట్టిపడిపోతుంది. మరీ మందమైతే చల్లారేటప్పుడు లోపలికి కుంగి గుంట పడుతుంది. అసలు రేకు మందాన్ని 25తో భాగిస్తే 0.04 మిల్లీమీటర్లు. ఆ మందంలో గోడ అచ్చు పోయడం ఎవరి వల్లా కాదు.

పోటీల్లోనూ ఇదే చూస్తారు. ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ 1963లో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఆ సంఘాల పోటీల్లో ముందు చూసేవి అతుకులు, నాలుగు చక్రాలూ నేలకు ఆనుతున్నాయా లేదా, అచ్చులోంచి ముక్కను బయటికి నెట్టే ఎజెక్టర్ పిన్నుల గుండ్రటి మచ్చలు పోయాయా లేదా అన్నవే. ఇంజన్‌కు వైర్లు ఎన్ని వేసినా అతుకు కనబడితే ఆ పని అంతా వృథా. ఏమీ అదనంగా చేర్చకుండా కట్టినవాళ్ళకు కొన్ని పోటీల్లో విడిగా విభాగమే ఉంటుంది. మీ సమయం అక్కడ పెట్టండి. రెండు పూతల ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత), 600 నుంచి మొదలుపెట్టి 1500 దాకా వాటర్ పేపర్, లప్పం అవసరమైన చోట పలచగా. అదే మెరుగు.

కొత్తచెయ్యి (విజయవాడ):

అన్నలూ, నాకిది రెండో కిట్. ఒక్క కిట్ విదేశం నుంచి తెప్పించుకోవాలంటే కస్టమ్స్ సుంకం, కొరియర్ కలిపి కిట్ ధరంత అవుతుంది. కోసి పాడుచేసుకుంటే మళ్ళీ కొనలేను, ఆ టెన్షన్ చాలా ఉంది. కానీ పెట్టెలో వచ్చినట్టు కడితే అందరిదీ ఒకేలా ఉంటుంది కదా అనే బాధ కూడా ఉంది.

ఇంకో మాట. మన రోడ్ల మీద రోజూ తిరిగే బొలెరో పికప్, టాటా ఏస్ ప్లాస్టిక్ కిట్లుగా నాకు ఎక్కడా దొరకలేదు. ఏ అమెరికన్ పికప్ చాసీ మీదైనా బొలెరో తయారు చేయొచ్చా?

వాటర్‌పేపర్600:

తమ్ముడూ, బొలెరో గురించి వేరే చర్చ మొదలుపెట్టు, అందులో నేనూ రాస్తాను. ఇక్కడ తొట్టి సంగతి తేలనివ్వు.

టెక్సాస్‌తెలుగు (డాలస్ దగ్గర):

గోదారిగట్టు గారూ, దయచేసి ఆకురాయి కింద పెట్టండి. మీరు తప్పు చోట అరగదీస్తున్నారని నా అనుమానం.

ఇక్కడ పాత బండ్ల ప్రదర్శనలకు పోతూ ఉంటాను. పోయిన నెల ఒక 1953 ఎఫ్-100 యజమాని అనుమతితో దగ్గరగా చూశాను. వెనక మడ్‌గార్డులు బయటికి ఉబ్బి ఉండే రకం తొట్టి, మీ కిట్లో ఉన్నదే. దాని పక్క గోడ రేకు పలచనే, కానీ పై అంచు పలచన కాదు. రేకును గొట్టంలా గుండ్రంగా చుట్టేశారు. చేత్తో పట్టుకుంటే పెద్ద మనిషి రెండు వేళ్ళ మందం ఉంది. బస్తాలు ఎక్కించేటప్పుడు అంచు వంగిపోకుండా, చెయ్యి కోసుకోకుండా ఉండటానికి ఆ చుట్ట. మూలల్లో కర్రలు నిలబెట్టుకోవడానికి రేకు మడిచిన గూళ్ళు కూడా ఉన్నాయి, అవి కూడా కంటికి స్తంభాల్లా మందంగానే కనబడతాయి.

రెండు వేళ్ళు అంటే నాలుగు సెంటీమీటర్లకు దగ్గర. 25తో భాగించండి, 1.6 మిల్లీమీటర్లు. మీ కిట్ గోడ 1.5. అంటే అచ్చు చేసినవాళ్ళు పై అంచును సరిగ్గానే కొలిచారు. దాన్ని కత్తి అంచులా చేస్తే 1953 ఫోర్డ్ పోయి ఇంకేదో బండి అవుతుంది.

వాటర్‌పేపర్600 గారితో కూడా నాకు ఒప్పుదల లేదు. మందం బయటపడే చోట్లు ఈ కిట్లో నిజంగానే ఉన్నాయి: వెనక మడ్‌గార్డుల కింది అంచులు, కాలు పెట్టే పలక అంచు, టెయిల్‌గేట్ (తొట్టి వెనక తలుపు). మడ్‌గార్డును కిందనుంచి చూస్తే పళ్ళెం అంచులా కనబడుతుంది. అక్కడ లోపలి వైపు నుంచి వాలుగా చెక్కితే చాలు, బయటి ఆకారం చెడదు. గుండ్రటి బ్లేడుతో గీరుతూ పోవాలి, కోయకూడదు. మడ్‌గార్డులన్నిటికీ కలిపి ఒక్క సాయంత్రం పని. పెట్టెలో వచ్చినట్టే వదిలేయాలన్న నియమం ఆ ఒక్క సాయంత్రాన్ని కూడా మనకు లేకుండా చేస్తుంది.

గోదారిగట్టు:

టెక్సాస్‌తెలుగు గారూ, మీ పోస్టు చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఎడమ గోడ పై అంచు అప్పటికే సగానికి పైగా అరగదీశాను. ఫోటోలు మళ్ళీ తీసి చూశాను. చుట్ట స్పష్టంగా కనబడుతోంది. ఇన్నాళ్ళూ ఆ మందం కిట్ తప్పనే అనుకున్నాను, బండిదేనేమో అన్న ఆలోచనే రాలేదు.

అయినా నా మొదటి మాటలో కొంత నిలబడుతుంది. గోడ కింది భాగం కూడా అదే మందంలో ఉంది కదా. రెండు వైపులా కలిపి తొట్టి లోపలి వెడల్పు దాదాపు 3 మిల్లీమీటర్లు తగ్గిపోయింది. అసలు బండిలో అది ఏడు సెంటీమీటర్ల పైమాటే. పై నుంచి చూసేటప్పుడు నేల పలకలు ఇరుకుగా కనబడతాయి. అంచు చుట్టను వదిలి, దాని కింద లోపలి వైపు మాత్రమే గీరితే అంచు మరింత స్పష్టంగా పైకి తేలుతుంది కూడా.

ఇప్పుడు అరిగిన అంచు ఎలా తిరిగి పెట్టాలి? పాత ప్లాస్టిక్ ఇయర్ బడ్ పుల్ల గుండ్రంగా ఉంది కదా అని అతికిస్తే పట్టలేదు.

పాతకిట్లపెట్టె (వరంగల్):

అది పట్టదండీ. 2022లో నిషేధించక ముందు వచ్చిన ప్లాస్టిక్ ఇయర్ బడ్ పుల్లలు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్‌వి. మన పలచటి సిమెంట్ (కిట్లకు వాడే జిగురు) పాలీస్టైరీన్‌ను కరిగించి అతుకుతుంది, పాలీప్రొపిలీన్‌ను కరిగించలేదు. కిట్లో ముక్కలు కోసేశాక మిగిలే స్ప్రూ పుల్ల ఉంది కదా, దాన్ని కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ వేడి చేయండి. మెత్తబడి మెరుపెక్కగానే మంట నుంచి పక్కకు తీసి నిదానంగా లాగండి. ఎంత నిదానంగా లాగితే అంత మందంగా మిగులుతుంది. 1.6 వచ్చిన చోట కోసి అంచుకు అతికించండి. అదే ప్లాస్టిక్ కాబట్టి అతుకు ఒకటైపోతుంది. రెండు రోజులు ఆగి అప్పుడు వాటర్ పేపర్ పట్టండి. కిటికీ తెరిచి చేయండి, ఆ పొగ పీల్చకూడదు.

నేను కట్టేవి చాలావరకు ఎవరో చిన్నప్పుడు జిగురు పూసి పాడుచేసిన పాత కిట్లు. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టి పాత బ్రష్‌తో తోమితే చాలా రకాల రంగులు ఊడొస్తాయి. క్రోమ్ పూత పోవాలంటే బట్టలకు వాడే బ్లీచ్ చాలు. ఈ రెండింటినీ ఒకే గిన్నెలో మాత్రం కలపకండి, ప్రమాదం. అలా శుభ్రం చేసిన ప్రతిసారీ కనిపించేది ఒకటే: బండిని పాడుచేసింది మందం కాదు, తొందర.

ఇక తొట్టి నేల. ఐస్‌క్రీమ్ పుల్లలు చీల్చి అసలు చెక్క వేయాలని మీలో చాలామంది అనుకుంటారు. వద్దని నా గట్టి అభిప్రాయం. చెక్కకు చెక్కే కదా అనిపిస్తుంది, కానీ చెక్క గీతలు 25 వంతులు చిన్నవి కావు. పుల్లలో అర మిల్లీమీటరు గీత అసలు బండిలో సెంటీమీటరు పైన పగులులా కనబడుతుంది. ప్లాస్టిక్ పలకల మీద ముదురు రంగు కొట్టి, పైన పొడి బ్రష్‌తో బూడిద రంగు తాకిస్తే ఎంతో నిజంగా ఉంటుంది. ప్రదర్శనల్లో కనిపించే తళతళలాడే వార్నిష్ పలకలు బాగు చేసినవాళ్ళ ముచ్చట. ఇటుకలు, గడ్డి మోసిన బండికి అవి నప్పవు.

కొత్తచెయ్యి:

మరి ఇంజన్? పెట్టె మీద వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) అని ఉంది. వైర్లు వేయాలా, వదిలేయాలా?

టెక్సాస్‌తెలుగు:

తమ్ముడూ, 1953 ఎఫ్-100లో వీ8 అంటే 239 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్, అంటే వాల్వులు సిలిండర్ల పక్కన ఉండే రకం. అమెరికాలో ఫోర్డ్ ట్రక్కుల్లో దానికి అదే చివరి ఏడు. 1954లో వాల్వులు పైన ఉండే వై-బ్లాక్ వచ్చింది. ఫ్లాట్‌హెడ్ పైభాగం నిజంగానే చదునుగా ఉంటుంది కాబట్టి ఎనిమిది ప్లగ్గు వైర్లూ బాగా కనబడతాయి. పాత ఛార్జర్ కేబుల్ లోపలి సన్న పోగులు సరిపోతాయి. బానెట్ తెరిచి చూపించాలనుకుంటేనే వేయి.

ఆ ఏడు ఫోర్డ్ కంపెనీకి 50 ఏళ్ళు. స్టీరింగ్ మధ్యలో హారన్ బటన్ మీద ఆ గుర్తు ఉంటుంది. డెకాల్‌గా (నీళ్ళలో తడిపి అతికించే బొమ్మ) దొరికితే అతికించు, ఎంతో ముద్దుగా ఉంటుంది. ఇంకో జాగ్రత్త: ఇరుసుల మధ్య దూరం 110 అంగుళాలు, 1/25లో దాదాపు 111.8 మిల్లీమీటర్లు. అంతకు ముందు వచ్చిన ఎఫ్-1ది 114 అంగుళాలు. వేరే కిట్ చాసీ వేసేముందు స్కేలు పెట్టి కొలువు.

వాటర్‌పేపర్600:

నా మాట కొంత మార్చుకుంటున్నాను, కానీ మొత్తం కాదు. మడ్‌గార్డుల కింది అంచు గీరడం ఒప్పుకున్నాను. నిన్న రాత్రి నా 1956లో ఒక మడ్‌గార్డు గీరి చూశాను. ముప్పావు గంట పట్టింది, తేడా నిజంగా కనబడింది. ఆ చెప్పుల డబ్బా చాలాకాలం తర్వాత తెరిచాను.

తొట్టి లోపలి గోడ గీరడం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. అంత వెడల్పు చదును ముఖాన్ని చేత్తో గీరితే అలలు వస్తాయి. రంగు పడ్డాక ప్రతి అలా వెలుగులో బయటపడుతుంది. మూడు మిల్లీమీటర్ల వెడల్పు తక్కువైందని ఎవరూ కొలవరు, అలలు మాత్రం అందరూ చూస్తారు. గోదారిగట్టు గారు కుడి గోడ మీద ప్రయత్నించే ముందు పాడైన ముక్క మీద చేసి, ప్రైమర్ కొట్టి, ఆ ఫోటో ఇక్కడ పెట్టాలని నా కోరిక.

గోదారిగట్టు:

పెట్టాను, చూడండి. మీరు చెప్పిందే నిజం, అలలు వచ్చాయి. బ్లేడు మానేసి, చదునైన ఇనుప పట్టీకి 400 నంబరు వాటర్ పేపర్ అతికించి ఒకే దిక్కున రుద్దాను. రెండో ముక్క బాగా వచ్చింది. 1.5 ఉన్నది 0.9కి దిగింది, పై అంచు చుట్ట అలాగే ఉంది. అంతకంటే పలచన చేస్తే చేతిలో వంగుతోంది, అక్కడ ఆపేశాను. రెండు గోడలకూ ఇదే చేస్తాను. కాబట్టి మన మధ్య ఈ విషయం ఇంకా తేలలేదు, వాటర్‌పేపర్600 గారూ.

ఎడమ అంచుకు సాగదీసిన స్ప్రూ అతికించాను. మూడో ప్రయత్నంలో 1.6 వచ్చింది.

టెయిల్‌గేట్ దింపి పెట్టాలనుకుంటున్నాను, దానికి రెండు గొలుసులు కావాలి. నిన్న మెయిన్ రోడ్డులో ఇమిటేషన్ నగల కొట్టుకు వెళ్ళి కాలిపర్ తీస్తే కొట్టతను వింతగా చూశాడు. సంగతి చెప్పాక తనే లోపలికెళ్ళి తెగిపోయిన సన్న గొలుసుల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. లింకు ఒక మిల్లీమీటరు ఉన్నది దొరికింది, డబ్బులు తీసుకోలేదు. పూర్తయ్యాక బండి తెచ్చి చూపించమన్నాడు. ఆ గొలుసు బంగారు రంగులో ఉంది, దాని మీద నలుపు నిలవాలంటే ముందు ఏ ప్రైమర్ కొట్టాలో ఎవరైనా చెప్పండి.