వాడిన కొబ్బరి పొట్టును మళ్లీ బతికించుకోవచ్చా, పారేయాల్సిందేనా?

అనంతపురం మిద్దెతోట:
మా మిద్దె మీద నలభై గ్రో బ్యాగులున్నాయి. మూడేళ్ల కింద ఐదు కిలోల కోకోపీట్ ఇటుకలు, అంటే అచ్చులా నొక్కిన కొబ్బరి పొట్టు తెచ్చి, నానబెట్టి, వానపాముల ఎరువు కలిపి నింపాను. మొదటి ఏడాది వంకాయలు మాకూ పక్కింటికీ సరిపోయాయి. ఈసారి బెండ మోకాలెత్తు కూడా రాలేదు. కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. బ్యాగు అంచుల్లో తెల్లటి పొర కట్టింది. పోసేది బోరు నీళ్లే. ఎరువు వేస్తూనే ఉన్నాను. ఒకరేమో పొట్టు పని అయిపోయింది, పారేయమంటున్నారు. ఇంకొకరు జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి పులియబెట్టిన నీళ్లు) పోస్తే చాలంటున్నారు. ఇప్పుడు మార్చి. ఏం చేయమంటారు?

కర్నూలు నర్సరీ:
పారేయడమే మంచిదక్కా. మూడేళ్లకు పొట్టు నలిగి మెత్తటి పిండిలా అవుతుంది. నీళ్లు పట్టుకుంటుంది గానీ వేరుకు గాలి ఆడదు. దానికి తోడు పాత పంట తెగుళ్లు అందులోనే ఉంటాయి. మేము నారు ట్రేలలో ఒకసారి వాడిన పొట్టును రెండోసారి ముట్టుకోం. ఇటుక ఖర్చు చూసుకుని పంటంతా పోగొట్టుకోవద్దు.

కళ్యాణదుర్గం రైతు:
నారుకు కొత్తదే వాడాలి, ఆ మాట ఒప్పుకుంటా. కానీ బ్యాగుల్లోది పారేయడం అన్యాయం. నిజానికి పాత పొట్టే మేలు. పచ్చి పొట్టులో కర్బనం మరీ ఎక్కువ, నత్రజనికి వంద రెట్ల పైమాటే. అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మొక్కకు పోవాల్సిన నత్రజనిని లాక్కుంటాయి. మూడేళ్లు ఎరువు తిన్న పొట్టులో ఆ గొడవ చాలావరకు తగ్గి ఉంటుంది.

అమ్మా, నీ పొట్టుకు జబ్బు తెచ్చింది బోరు నీళ్లు. ఆ తెల్లపొర ఉప్పే. మన నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి పీహెచ్, అంటే పులుపు-క్షారం కొలత పెరిగి, ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కేది అందుకే. ఇంకా ఎరువు వేస్తే ఉప్పు మీద ఉప్పు వేసినట్టు. ముందు కడగాలి, తర్వాతే తిండి పెట్టాలి. జీవామృతం ఆఖరున.

అనంతపురం మిద్దెతోట:
అన్నా, ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధి మాది. నలభై బ్యాగుల పొట్టు కడగడానికి నీళ్లెక్కడివి? ఇప్పటిదాకా ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు కూడా వృథా చేయకుండా మొక్కలకే పోశాను.

కళ్యాణదుర్గం రైతు:
ఆ ఆర్వో నీళ్లు వెంటనే ఆపమ్మా. మిషను తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది, బోరు నీళ్లకన్నా చెడ్డవి. ఇల్లు తుడవడానికి వాడుకో.

కడగడానికి వాన చాలు. ఒక మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. పొట్టును జానెడులో సగం మందాన, అంటే పది సెంటీమీటర్లు పరిస్తే చదరపు మీటరుకు వంద లీటర్ల పొట్టు. వంద మిల్లీమీటర్ల వాన పడితే పొట్టు ఎంతో నీళ్లూ అంతే. రెండు వందలు పడితే ఉప్పు చాలావరకు దిగిపోతుంది. మనకు సెప్టెంబరులోనే వాన ఎక్కువ. వానకు ముందు పది లీటర్ల పొట్టుకు ఒక చెంచా జిప్సం కలుపు. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోలు వేస్తామే, అదే. దానిలోని కాల్షియం, పొట్టు పట్టుకున్న సోడియాన్ని వదిలిస్తుంది. దిగిన నీళ్లు మొక్కల్లోకి పోకుండా తూము దారి చూపించు.

ప్రొద్దుటూరు టమాటా:
ఉప్పు సంగతి సరే, నర్సరీ తమ్ముడు చెప్పిన తెగుళ్ల మాట వదిలేశారు. నేను పాత పొట్టులో జీవామృతం పోసి మళ్లీ టమాటా పెట్టాను. నెలన్నరకు చెట్లు మధ్యాహ్నం వాడి సాయంత్రం లేచేవి. పీకి చూస్తే వేర్లంతా బుడిపెలు, వేర్లలో చేరే సన్నటి నులిపురుగుల పని. చాలా బాధేసింది. జీవామృతం మంచిదే, దాన్ని తప్పుబట్టను. కానీ ముదిరిన నులిపురుగును అది ఆపుతుందని నమ్మి మోసపోవద్దు.

మన ఎండ ఉండగా భయమెందుకు? ఏప్రిల్, మే నెలల్లో పొట్టును తడిపి, పలచగా పరిచి, పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి, అంచులకు ఇటుకలు పెట్టి ఆరు వారాలు వదిలేయండి. నల్ల కవరు వద్దు, దాని కింద అంత వేడి చేరదు. ఆ బ్యాగుల్లో మొదట నులిపురుగును తగ్గించే బంతి వేయండి, తర్వాతే కూరగాయలు.

కర్నూలు నర్సరీ:
అన్నా, అంత ఎండలో మంచి జీవాలు కూడా చస్తాయి కదా? అప్పుడది జీవమున్న మట్టి ఎలా అవుతుంది?

ప్రొద్దుటూరు టమాటా:
కొన్ని చస్తాయి, నిజమే. అందుకే తర్వాత మాగిన ఎరువుతో మళ్లీ ఎక్కించాలి. నులిపురుగులతో నిండిన జీవం నాకొద్దు తమ్ముడూ.

కళ్యాణదుర్గం రైతు:
ఎక్కించే పద్ధతి చెబుతా. కడిగిన పొట్టు ఐదు తట్టలు, బాగా మాగిన పశువుల ఎరువు మూడు తట్టలు, ఎర్రమట్టి రెండు తట్టలు. తట్టకో గుప్పెడు వేపపిండి. గాలి ఆడడానికి వడ్ల ఊక ఒక తట్ట. పదింతలు నీళ్లు కలిపిన జీవామృతంతో తడిపి, నీడలో గోనెసంచి కప్పి నెల రోజులు ఉంచాలి. పిడికిట పిసికితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. వేపపిండి మొదట్లో వేడెక్కుతుంది, తొందరపడి మొక్క పెడితే వేరు కాలుతుంది. వేరుశనగ చెక్క మిద్దె మీద వద్దు, ఎలుకలు వస్తాయి.

కర్నూలు నర్సరీ:
రెండు తట్టల మట్టి ఒప్పుకోలేను. తడిసిన మట్టి పొట్టుకన్నా చాలా బరువు. పాత మిద్దెలకు అది టెన్షనే.

కళ్యాణదుర్గం రైతు:
మట్టి లేకపోతే ఎరువును పట్టుకునేదేది? బరువు భయముంటే ఒక తట్టకు తగ్గించు, మొత్తానికి తీసేయొద్దు.

అనంతపురం మిద్దెతోట:
ఒక తట్టతోనే మొదలుపెడతాను. మా మిద్దె 1988లో వేసింది, నలభై బ్యాగులను గోడల వెంబడి సర్దుతాను. రేపే పది బ్యాగులు విప్పి పాత వేర్లు చూస్తా. బుడిపెలు కనబడితే ఎండకు, లేకపోతే నేరుగా వానకు. నారుకు మాత్రం తమ్ముడి మాట ప్రకారం ఒక కొత్త ఇటుక కొంటాను.

ప్రొద్దుటూరు టమాటా:
అక్కా, బుడిపెలున్న వేర్లను ఎరువు గుంతలో వేయొద్దు. ఎండబెట్టి కాల్చేయండి.