‘కనెక్ట్ అవట్లేదు’ అంటే ఏది అవట్లేదు?

అమీర్‌పేట హాస్టల్లో ఉండే ఒక తమ్ముడు, లైనక్స్ లాప్‌టాప్‌కి పెట్టిన యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ‘కనెక్ట్ అవట్లేదు’ అని అడిగాడు. ఒకరు పాస్‌వర్డ్ చూడమన్నారు, ఒకరు డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) అన్నారు, ఇంకొకరు రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యమన్నారు. తప్పు వాళ్లది కాదు, ఎక్కడ ఆగిందో ఆ మాటలో లేదు. మనం మాట్లాడుకునే తెలుగులో ఒక్కో దశకూ ఒక్కో క్రియ ఉంది.

‘గుర్తుపట్టలేదు’ అంటే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ చూపే యూఎస్‌బీ పరికరాల జాబితాలో అడాప్టర్ అసలు లేనట్టు. పోర్టు మార్చి చూడాలి, అంతే.

‘గుర్తుపట్టింది గానీ నడవట్లేదు’ వేరు. అందరూ చిక్కుకునేది ఇక్కడే. జాబితాలో 0బీడీఏ (0bda)తో మొదలయ్యే ఐడీ కనిపిస్తుంది, అది రియల్‌టెక్ చిప్. కానీ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు చూపే ఐపీ లింక్ (ip link) కమాండ్‌లో వైర్‌లెస్ ఇంటర్‌ఫేస్ ఉండదు. జాబితాకెక్కడానికి డ్రైవర్ అక్కర్లేదు, నడవడానికి కావాలి. 8821సీయూ, 8822బీయూ చిప్‌లకు లైనక్స్ కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 6.2తోనే అందులో డ్రైవర్ వచ్చింది. అంతకంటే పాత కెర్నెల్ అయితే బయటి నుంచి కోడ్ తెచ్చి డ్రైవర్ కట్టుకోవాలి (బిల్డ్ చేసుకోవాలి). కొత్త కెర్నెల్‌కి డ్రైవర్‌ని తనే మళ్లీ కట్టే డీకేఎంఎస్ (DKMS) ద్వారా కట్టుకోకపోతే కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ కట్టాలి. సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే నమ్మే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని డ్రైవర్‌ని కెర్నెల్ ఒప్పుకోదు. ఐడీ 0బీడీఏ:1ఏ2బీ (0bda:1a2b) అని ఉంటే అడాప్టర్ ఇంకా సీడీ వేషంలోనే ఉంది. విండోస్ డ్రైవర్ ఇవ్వడానికి వేసుకున్న వేషం అది, యూఎస్‌బీ మోడ్‌స్విచ్ (usb_modeswitch) అనే ప్రోగ్రామ్‌తో మార్చాలి.

‘కలవట్లేదు’ అన్నది ఫోన్ దగ్గర ఎప్పుడూ వాడే మాటే. నెట్‌వర్క్ పేరు కనిపిస్తోంది, రౌటర్ మాత్రం లోపలికి రానివ్వట్లేదు. పాస్‌వర్డ్ సంగతి అప్పుడు చూడాలి.

‘నెట్ రావట్లేదు’ అంటే కలిసింది, లాప్‌టాప్‌కి ఐపీ చిరునామానో, సైట్ల పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే డీఎన్ఎస్సో అందలేదు.

వ్యాఖ్య: అన్నా, మా దిక్కు ‘సిగ్నల్ గుంజుతలేదు’ అంటం. పేరు కనవడ్తది, ఒక్క గీత ఉంటది, కలుస్తది, మళ్ల పోతది. దీన్ని ఏ దాంట్ల పెడ్తవ్?

జవాబు: తమ్ముడూ, అది విడిగా ఉండాల్సిన మాటే. నా జాబితాలో లేదు, ఈరోజు నుంచి ఉంటుంది. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్ల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీద పడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ని పోర్టుకు దూరంగా పెడితే చాలాసార్లు గుంజుతుంది. కుదిరితే 5 గిగాహెర్ట్జ్‌కి మారు.

వ్యాఖ్య: ఇన్ని ఎందుకండీ? ‘అనుసంధానం కావడం లేదు’ అంటే శుద్ధంగా ఉంటుంది కదా.

జవాబు: శుద్ధంగానే ఉంటుందండీ, కానీ ‘కనెక్ట్ అవట్లేదు’లో ఉన్న మసకే అందులోనూ ఉంది. లైనక్స్ తెలుగు అనువాదాలు చేసేవాళ్లకు నా విన్నపం: అన్నిటికీ కలిపి ‘అనుసంధానం విఫలమైంది’ అని రాయకండి. ‘పరికరాన్ని గుర్తుపట్టాం, డ్రైవర్ లేదు’, ‘పాస్‌వర్డ్ కుదరలేదు’, ‘రౌటర్‌తో కలిసింది, చిరునామా రాలేదు’ అని విడివిడిగా రాయండి.