తిరుపతి నేపథ్యంగా నేర నవల: శవపరీక్ష చేసే వైద్యురాలి గతాన్ని ఎలా రాయాలి?

ప్రశ్న: చిత్తూరు కథకుడు

అందరికీ నమస్కారం. తిరుపతి నేపథ్యంగా నేనొక నేర నవల రాస్తున్నాను. కథానాయికకు ముప్పై ఎనిమిదేళ్లు. రుయా ఆసుపత్రిని ఆనుకుని ఉన్న శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసరు. పదేళ్ల వయసులో, పీలేరు దగ్గరి అమ్మమ్మగారి ఊరికి వేసవి సెలవులకు వెళ్లినప్పుడు, సొంత మేనమామ చేతిలో లైంగిక వేధింపుకు గురైంది. తల్లికి చెప్పబోతే ఆమె వినిపించుకోలేదు. ఇప్పుడు ఆ మేనమామ చంద్రగిరి దగ్గర ఒక మామిడితోటలో ఉరికి వేలాడుతూ కనిపిస్తాడు, శవం ఆమె బల్ల మీదికే వస్తుంది. పోలీసులు ఆత్మహత్య అనుకుంటున్నారు గాని, అది హత్య అని ఆమెకు చూడగానే తెలిసిపోతుంది. చంపినది తనలాగే అతని చేతిలో నలిగిన మరొక అమ్మాయి అయి ఉంటుందని కూడా ఆమె అనుమానం.

నా సందేహాలు మూడు. విదేశీ నవలల్లో మెడికల్ ఎగ్జామినరు ఘటనా స్థలానికి వెళ్లి సాక్షులను కూడా ప్రశ్నిస్తాడు. మన దగ్గర అలా జరుగుతుందా? ఆమె నిజాన్ని దాచదలిస్తే ఎంతవరకు దాచగలదు? చివరిది, నన్ను ఎక్కువగా వేధిస్తున్నది: ఆమె గతాన్ని చెప్పడానికి ప్రతి మూడో అధ్యాయంలో ఒక పీడకల పెట్టాను. చదివిన మిత్రుడు అవన్నీ సినిమా ఫ్లాష్‌బ్యాకుల్లా ఉన్నాయన్నాడు.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు

నేను ఈ శాఖలోనే పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. మెడికల్ ఎగ్జామినరు పదవి అమెరికాలో 1877లో మసాచుసెట్స్ రాష్ట్రంలో మొదలైంది. అక్కడ మరణ కారణాన్ని విచారించే అధికారం కూడా ఆ వైద్యుడిదే. మన దగ్గర విచారణ పోలీసులదో మేజిస్ట్రేటుదో అవుతుంది. వైద్యుడు వాళ్లు అడిగినదానికి జవాబు రాస్తాడు. కథ 2024 జూలై 1కి ముందు జరిగితే పాత నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీ 174వ సెక్షను కింద, తరువాత జరిగితే దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194 కింద, ఎస్సై పంచాయతీదారుల (స్థానిక సాక్షుల) సమక్షంలో శవ పంచనామా రాసి, పరీక్ష కోరే రిక్విజిషనుతో శవాన్ని కానిస్టేబులు వెంట పంపుతాడు. దర్యాప్తు అధికారి కోరితే వైద్యురాలు తోటకు వెళ్లవచ్చు గాని, మామూలుగా ఎవరూ కోరరు.

ఇక ఆమెకు చూడగానే తెలిసిపోయిందని ఊరికే రాస్తే చాలదు, ఏమి చూసిందో పాఠకుడికీ కనిపించాలి. ప్రాణం ఉండగా ఉరి పడితే సాధారణంగా ముడికి ఎదురువైపు నోటి మూల నుంచి చొంగ కారి, గడ్డం మీదుగా ఛాతీ దాకా చార కడుతుంది. చనిపోయినవాడికి లాలాజలం ఊరదు కనుక, చంపి వేలాడదీసిన శవం మీద ఆ చార ఉండదు. ఉరితాడు గుర్తు మెడ పైభాగాన ఏటవాలుగా సాగి ముడి దగ్గర తెగిపోతుంది. వెనుక నుంచి తాడు బిగించి చంపితే అది కాస్త కిందుగా, అడ్డంగా, మెడ చుట్టూ పూర్తిగా పడుతుంది. చంపిన తరువాత కొన్ని గంటలు వెల్లకిలా పడుకోబెట్టి అప్పుడు వేలాడదీశారనుకోండి, నెత్తురు దిగి ఏర్పడే ఊదా మచ్చలు కాళ్లలో కాక వీపు మీద గట్టిపడి ఉంటాయి. మీ నాయిక శవాన్ని బోర్లా తిప్పించే క్షణం మీ నవలకు ఆయువుపట్టు.

చాలామంది రచయితలు కత్తి పట్టగానే మెడ కోయించేస్తారు. ఉరి కేసులో మెడను చివర కోస్తాం. ముందు పుర్రె, ఛాతీ తెరిచి, మెడలోని నెత్తురంతా దిగిపోనిచ్చి, ఆ తరువాత కండరాలను పొర పొరగా విడదీస్తాం. అలా చేయకపోతే మన కత్తి వల్ల చిమ్మిన నెత్తురే పాత గాయంలా కనిపిస్తుంది. అంటే ఆ మనిషి మెడ దగ్గరికి వచ్చేదాకా ఆమె అతని పక్కనే నిలబడి, పీజీ విద్యార్థులకు మామూలు గొంతుతో కొలతలు చెబుతూ ఉండాలి. మీ పీడకలలన్నీ కలిసినా ఆ సమయమంత భయపెట్టలేవని నా అభిప్రాయం.

దాచడం కష్టమే. తాడు గుర్తును ఎస్సై అప్పటికే పంచనామాలో రాసి ఉంటాడు, ఫొటోలు కూడా తీసి ఉంటారు. అయితే సక్రమమైన దారి ఒకటుంది. జీర్ణాశయం, చిన్నపేగు ముక్క, కాలేయం, మూత్రపిండాల భాగాలు సంతృప్త ఉప్పునీటి సీసాలకెత్తి, సీలు వేయించి ల్యాబుకు పంపి, తుది అభిప్రాయాన్ని రసాయన పరీక్ష నివేదిక వచ్చేవరకు రిజర్వు చేస్తున్నట్లు రాయవచ్చు. మేము తరచుగా రాసే వాక్యమే అది, ఎవరికీ అనుమానం రాదు. నివేదికకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆమె చూసినది చూసినట్లు రాసి అభిప్రాయం ఒక్కటే ఆపితే అబద్ధం ఆడినట్లూ కాదు. మీ కథకు కావలసిన గడువు అక్కడే దొరుకుతుంది.

ఒక మనవి: శవపరీక్షను అర్ధరాత్రి పెట్టకండి. సూర్యాస్తమయం తరువాత కూడా చేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులో అనుమతించింది గాని, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద మరణాలను అందులోంచి మినహాయించింది.

జవాబు: మదనపల్లె పాఠకురాలు

నేను పిల్లలకు, ఆడవాళ్లకు కౌన్సెలింగ్ చేస్తాను కనుక మూడో ప్రశ్నకే పరిమితమవుతాను. బాల్యంలో ఇలా దెబ్బతిన్నవారిలో చాలామందికి గతం మొదటి నుంచి చివరి వరకు వరుసగా గుర్తు రాదు. ఒక వాసనో, గడియ పడిన చప్పుడో తగిలి ఒళ్లు బిగుసుకుపోతుంది. కారణం వాళ్లకే వెంటనే తట్టదు. కుళ్లిన శవాల మధ్య తొణకని మీ వైద్యురాలు, ఎవరో తోట నుంచి తెచ్చిన బుట్టలో వరిగడ్డిలో మాగేసిన మామిడికాయల వాసన తగలగానే డిపార్ట్‌మెంటు గది వదిలి వెళ్లిపోతుందని రాయండి. అమ్మమ్మగారింట్లో కాయలు మాగేసే చీకటి గది సంగతి పుస్తకం సగం దాటేదాకా చెప్పకండి. చెప్పినప్పుడు కూడా గది తలుపు దాకా తీసుకెళ్లి ఆపండి. లోపల జరిగినది వర్ణిస్తే అది పాఠకుడి కుతూహలాన్ని మేపడమే అవుతుంది.

మీరు మేనమామను ఎంచుకున్నారు గాని, మన వైపు మేనమామ అంటే ఏమిటో వాడుకోలేదు. అతను పెళ్లికి వరసైనవాడు. "ఎట్లున్నా రేపు నిన్ను కట్టుకునేవాడే కదమ్మా" అని అమ్మమ్మ నవ్వుతూ అనే ఇంట్లో, తనకు జరుగుతున్నది తప్పు అని చెప్పడానికి పదేళ్ల పిల్లకు సందెక్కడిది? తల్లి ఎందుకు వినలేదో మీరు చెప్పలేదు. అతను ఆమె తమ్ముడు, ఒప్పుకుంటే పుట్టిల్లు పోతుంది. ఆ తల్లికి ఒక్క అధ్యాయమైనా ఇవ్వండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 53.22 శాతం పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, వాళ్లు నమ్మినవారో. ఎక్కువ మంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

జవాబు: కోర్టు మెట్లు

చిత్తూరులో న్యాయవాదిని. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది, అంతకుముందు జరిగిన నేరాలకు వర్తించదు. మీ నాయిక చిన్నతనంలో పాత శిక్షాస్మృతి ఐపీసీలో స్త్రీ మర్యాదకు భంగం కలిగించడానికి సంబంధించిన 354వ సెక్షను కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే కనుక, మూడేళ్లు దాటితే కాలపరిమితి అడ్డు వచ్చేది. అంటే ఆమె పదమూడో ఏటికే ఆ దారి దాదాపు మూసుకుపోయింది. నేరం అంతకంటే తీవ్రమైనదైతే లెక్క మారుతుంది, అది మీరు నిర్ణయించుకోవాలి. ఇక తెలిసి తెలిసి సాక్ష్యం మాయం చేస్తే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షను ఆమె మెడకు చుట్టుకుంటుంది.

జవాబు: తాతయ్యగుంట వీధి

తిరుపతి కథ అంటున్నారు గనుక మే నెలలో గంగమ్మ జాతర పెట్టండి. ఆడపిల్లలను చెరబట్టిన పాలెగాడు భయపడి దాక్కుంటే, గంగమ్మ రోజుకొక వేషంలో వెతికి, దొర వేషం చూసి బయటికి వచ్చినవాడిని నరికిందని మా పెద్దలు చెబుతారు. అందరికీ ఈ నరకడం వరకే గుర్తుంటుంది. ఆ మరునాటి మాతంగి వేషంలో అమ్మవారు పాలెగాడి భార్యను ఓదార్చడానికి వెళుతుంది. మీ నాయిక ఆ మేనమామ భార్య ఎదుట నిలబడవలసిన సన్నివేశానికి ఇది అక్కరకు రావచ్చు. వేషాల గుంపులో హంతకురాలిని పోలీసులు తరమడం మాత్రం దయచేసి వద్దు, విసుగెత్తిపోయాం.

చిత్తూరు కథకుడు

అందరికీ కృతజ్ఞతలు. పీడకలల్లో ఒకటి ఉంచి మిగతావి తీసేస్తున్నాను, మామిడికాయల గదిని మదనపల్లె అక్కగారు చెప్పినట్లే రాస్తాను. అధ్యాపకులవారిని ఇంకొక్కటి అడగాలి. మృతుడు బంధువని తెలిసిన వైద్యురాలు ఆ పరీక్ష చేయకుండా తప్పుకోవచ్చా? తప్పుకోవచ్చునంటే నా కథ మొదటి అధ్యాయంలోనే ఆగిపోతుంది.

విశ్రాంత అధ్యాపకుడు

తప్పుకోవచ్చు, తప్పుకోవడమే సబబు. విభాగాధిపతికి చెబితే మరొకరికి అప్పగిస్తారు, లేదా ఇద్దరు వైద్యులతో చేయిస్తారు. కథ ఆగనక్కరలేదు. తప్పుకోవాలంటే మృతుడు తనకు ఏమవుతాడో ఆమె కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ మనిషిని మామయ్య అని పిలవడం మానేసి ఇరవై ఎనిమిదేళ్లయిన స్త్రీ ఆ కాగితం రాయగలదా లేదా అన్నది మీరు తేల్చుకోండి.