వార్డులోకి పూజారి, పాస్టర్, మౌల్వీ రాకపోకలు ఎవరు చూసుకోవాలి?

సిస్టర్_గుంటూరు:
నమస్కారమండీ. గుంటూరు దగ్గర ఒక ప్రైవేట్ హాస్పిటల్లో నర్సింగ్ ఇన్‌చార్జిని. కొత్తగా పాలియేటివ్ వార్డు (జబ్బు నయం కానివాళ్లకి బాధ తగ్గించి చూసుకునే వార్డు) తెరిచారు, ఎక్కువమంది క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లే. "ఆధ్యాత్మిక సేవలు కూడా మీరే చూసుకోండమ్మా" అన్నారు మేనేజ్‌మెంట్ వాళ్లు. అంటే ఏం చూడాలో ఎవరూ చెప్పలేదు. విజిటింగ్ టైములో ఒకాయన కరపత్రాలు పంచుతూ మంచం మంచం తిరిగాడు. 7వ బెడ్ పెద్దాయన దగ్గరికి బావమరిది ఎవరో స్వామీజీని తీసుకొస్తే, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన పాత కమ్యూనిస్టని తర్వాత కూతురు చెప్పింది. ఇంకొకరికి తులసి తీర్థం పోస్తే పొరబోయి, గొంతులోది మిషన్‌తో లాగేయడానికి సక్షన్ పెట్టాల్సి వచ్చింది. దీపం పెడతామంటారు, పక్కనే ఆక్సిజన్. వద్దంటే "చావు దగ్గర కూడా మీ రూల్సేనా" అని ఏడుస్తారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. దీన్ని పద్ధతిగా నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెనాలి_టు_హ్యూస్టన్:
సిస్టర్‌గారూ, నేను హ్యూస్టన్‌లో ఒక హాస్పిటల్లో చాప్లెయిన్‌ని, అంటే ఏ మతం పేషెంట్లకైనా ఆధ్యాత్మిక తోడుగా ఉండేదాన్ని. ఇక్కడ ఇదొక ఉద్యోగం. సర్టిఫికేషన్ కావాలంటే పీజీతో పాటు సీపీఈ (క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్) అనే ట్రైనింగ్ 4 యూనిట్లు చేయాలి, ఒక్కో యూనిట్ కనీసం 400 గంటలు. మంచం పక్కన కూర్చుని వినడమే అందులో ముఖ్యంగా నేర్పేది. మీకిప్పుడే అంత అక్కర్లేదు, ముందు వార్డు తలుపు దగ్గర కాపలా కాయండి. లోపలికి ఎవరు రావాలో పేషెంటే చెప్పాలి. బావమరిది కాదు, కొడుకు కూడా కాదు.

అడ్మిషన్ కేస్‌షీట్‌లో మతం పేరొక్కటే రాస్తే చాలదు. "కష్టంలో మీకు ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుందండీ? ఎవర్ని పిలవమంటారు? ఎవరు రాకూడదు?" అని అడగండి. చివరిది మాత్రం బంధువులు బయటికెళ్లాకే. ఆ పెద్దాయన దగ్గర నేనైతే కూర్చుని ఉద్యమం రోజుల గురించి అడిగేదాన్ని. దేవుణ్ణి నమ్మనివాళ్లకీ చెప్పుకోవలసింది బోలెడుంటుంది, వినడం మా పనే.

తీర్థం సంగతి: మింగగలరో లేదో డాక్టర్ని అడగండి. మింగలేకపోతే దూది తడిపి, బాగా పిండి, కొడుకు చేతో కూతురు చేతో పెదవులకి అద్దించండి. వాళ్లకి కావలసింది తమ చేత్తో ఇవ్వడం, అది దక్కుతుంది. ఆక్సిజన్ ఉన్నచోట దీపం, కర్పూరం, అగరుబత్తి వద్దే వద్దు. బ్యాటరీ దీపాలు రెండు వార్డులోనే ఉంచండి. అప్పుడు మీ నోట "కుదరదు" బదులు "ఇదిగో దీపం" అని వస్తుంది. ముస్లిం కుటుంబాలు పేషెంట్ని కిబ్లా వైపు, అంటే మక్కా ఉన్న దిక్కుకి, తిప్పమంటారు. మనవైపు అది పడమర, కాస్త ఉత్తరానికి. క్రైస్తవులైతే ఏ చర్చి అని కూడా అడగాలి. కేథలిక్కులకి అవస్థ అభ్యంగనం (రోగికి నూనె పూసి చేసే ప్రార్థన) ఫాదరే ఇవ్వాలి, పాస్టర్‌గారు వస్తే సరిపోదు.

పెయిన్‌క్లినిక్_డాక్టర్:
పై మాటలతో పూర్తిగా ఏకీభవిస్తాను. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశలో ఉన్నవాళ్లని చూసుకునే ఆసుపత్రి) పెట్టిన సిసిలీ సాండర్స్, నొప్పిలో ఒంటి బాధతో పాటు మనసుది, ఇంటిది, ఆత్మది కూడా ఉంటుందని చెప్పారు. మార్ఫిన్ పెంచినా తగ్గలేదంటే నేను డోసు ఒక్కటే చూడను, ఇంట్లో ఏం జరుగుతోందో అడుగుతాను. కరపత్రాల విషయంలో మెతకదనం వద్దు. ఏ మతమైనా సరే, పిలవనివాళ్లకి ప్రవేశం లేదని మేనేజ్‌మెంట్ చేత రాయించి గోడకి అంటించండి. గొడవైతే నెపం మీ మీదికి రాకూడదు.

చిత్తూరు_రమణ:
మా అమ్మకి వేలూరులో వైద్యం జరిగినప్పుడు చాప్లెన్సీ నుంచి ఒకావిడ వచ్చింది. "కూర్చోవచ్చా అమ్మా?" అని తెలుగులోనే అడిగి కూర్చుంది. మేం హిందువులం, ఆమె ప్రార్థన ఊసే ఎత్తలేదు. రెండోరోజు బయటికొచ్చి, "అమ్మగారు మీతో ఒక విషయం మాట్లాడాలంటున్నారు, లోపలికి రండి" అంది. అదేంటో ఆమె చెప్పలేదు, అమ్మే చెప్పింది. చిన్నత్త గాజులు ఎప్పుడో కుదువబెట్టి విడిపించలేదట. విడిపించి ఇచ్చాం. ఆ తర్వాత అమ్మ నిద్రపోయింది సార్, మాత్ర లేకుండా.

సిస్టర్_గుంటూరు:
అందరికీ ధన్యవాదాలు. మూడు ప్రశ్నలూ ఫారంలో పెట్టిస్తాను. మరి రాత్రి ఒంటిగంటకి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?

తెనాలి_టు_హ్యూస్టన్:
రాత్రిపూట వస్తామని నోటితో ఒప్పుకున్నవాళ్ల నంబర్లే రాయండి, ఒక్కో మతానికి ఇద్దరిద్దరు. నెలకోసారి ఫోన్ చేసి నంబరు పనిచేస్తోందో లేదో చూడండి. ఆటో ఖర్చు హాస్పిటలే ఇవ్వాలి, కుటుంబం దగ్గర దక్షిణ, కానుక ఏదీ అడగకూడదని వాళ్లకి ముందే చెప్పండి. వార్డులోకొచ్చేముందు చేతులు కడుక్కోవడం మామూలే. వచ్చి వెళ్లాక కేస్‌షీట్‌లో టైము, పేరు మాత్రం రాయండి, పేషెంటు ఏం మాట్లాడారో రాయొద్దు.