ఆఫ్రికాలో దేశానికి ఒకే సైగల భాష ఉండాలా? మరి ఊరి సైగలు ఏం కావాలి?

సముద్రపుగాలి (అక్రా, ఘనా)

నేను ఆరేళ్ళుగా అక్రాలో ఉంటున్నాను. మా గేటు వాచ్‌మన్ కొడుక్కి పన్నెండేళ్ళు, పుట్టుకతోనే వినపడదు. బధిరుల హాస్టల్ స్కూల్లో చదువుతున్నాడు. మొన్న క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చాడు. స్టూలు మీద కూర్చుని వాళ్ళమ్మకి ఏదో చెప్తున్నాడు. వేళ్ళు ఆగడం లేదు, కనుబొమలు లేస్తున్నాయి, మధ్యలో తనే నవ్వేసుకుంటున్నాడు. ఆవిడ తల ఊపుతోంది గానీ ఒక్క ముక్క అందడం లేదని నాకే తెలిసిపోతోంది. కాసేపటికి ఆవిడ తనకొచ్చిన సైగ చేసింది. ఐదు వేళ్ళూ దగ్గరికి చేర్చి నోటిదాకా తెచ్చి మింగినట్టు. బంకు తింటావా అని. (పెట్రోలు బంకు కాదు. పులిసిన మొక్కజొన్న పిండి ముద్ద, మన సంగటికి చుట్టం.) పిల్లాడు నవ్వడం ఆపేసి లోపలికెళ్ళిపోయాడు.

వాడు స్కూల్లో నేర్చుకున్నది ఘనా సైగల భాష. పేరు ఘనాదే గానీ వేరు అమెరికాలో ఉంది. 1957లో, ఘనాకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, ఆండ్రూ ఫోస్టర్ అనే నల్లజాతి అమెరికన్ ఇక్కడికొచ్చి బధిరుల బడి పెట్టాడు. తర్వాత 13 ఆఫ్రికా దేశాల్లో 30కి పైగా బడులు. ఆయనతో వచ్చిన అమెరికా సైగలే నైజీరియాలోనూ, ఫ్రెంచ్ మాట్లాడే చుట్టుపక్కల దేశాల్లోనూ స్కూళ్ళలో పాతుకుపోయాయి.

డజన్ల కొద్దీ భాషలున్న దేశంలో బయటినుంచి వచ్చిన ఒక్క సైగల భాషని పట్టుకుని ఇదే అందరిదీ అనడం సబబేనా? నా వరకు తప్పనే అనిపిస్తోంది. తిట్టాలనుకునేవాళ్ళు తిట్టండి.

బెజవాడ బుల్లోడు

సైగ సైగే కదన్నా, ప్రపంచమంతా ఒకటే ఉంటుందనుకున్నా ఇన్నాళ్ళూ. ఇందులో ఘనా ఏంటి అమెరికా ఏంటి?

మాటలపుట్ట

బుల్లోడు గారూ, చాలామందికి ఉన్న అపోహే ఇది. ఇంగ్లండు, అమెరికా రెండు చోట్లా మాట్లాడేది ఇంగ్లీషే. కానీ లండన్ బధిరుడూ న్యూయార్క్ బధిరుడూ ఎదురుపడితే ఒకరి సైగలు ఒకరికి అర్థం కావు. అమెరికా సైగలకి దగ్గర చుట్టం ఫ్రెంచి సైగల భాష, ఎందుకంటే 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పెట్టిన బధిరుల బడికి పారిస్ నుంచి బధిర ఉపాధ్యాయుడు వచ్చాడు. సైగల భాష నోటి భాష వెంట నడవదు. బడి ఎక్కడుంటే అక్కడ, బధిరులు ఎక్కడ పోగైతే అక్కడ పుడుతుంది.

బడి లేకుండా పుట్టింది కూడా ఉంది, సముద్రపుగాలి గారికి పక్కనే. అడమొరోబె అని ఒక ఊరు. వంశపారంపర్య చెవుడు తరతరాలుగా ఉన్న ఊరు. దశాబ్దం కిందటి లెక్కల్లో సుమారు 3,500 జనంలో 40 మంది దాకా బధిరులు. వాళ్ళ సైగల భాషకి అక్కడి నోటి భాష అకాన్‌లో ‘ముము కసా’ అని పేరు. ‘కసా’ అంటే భాష, ‘ముము’ అంటే మన ‘మూగ’ లాంటి మాటే. వినడానికి కూడా ఎంత దగ్గరగా ఉందో చూడండి (చుట్టరికం ఏమీ లేదు, కాకతాళీయమే).

ఆ భాషలో నాకు బాగా నచ్చినది కొలత. చేప ఎంత పెద్దదో చెప్పాలంటే మనం రెండు చేతులూ గాల్లో ఎడంగా పెడతాం. అమెరికా సైగల్లోనూ సాధారణంగా అంతే. అడమొరోబెలో ఒక చేయి చాపి, రెండో చేత్తో దాని మీద ‘ఇదిగో ఇక్కడిదాకా’ అని ఆనవాలు పెడతారు. పూలమ్మి మోచేతిదాకా మూర కొలుస్తుంది చూడండి, అచ్చం అలాగే. చిన్నదైతే వేలి మీద, పెద్దదైతే చేయి మీద. పశ్చిమ ఆఫ్రికాలో వినేవాళ్ళు కూడా మాటల మధ్య ఇలాగే చేయి మీద కొలిచి చూపిస్తారు. అంటే ఆ నేలలో పుట్టిన అలవాటే ఊరి బధిరుల చేతుల్లో వ్యాకరణంగా మారింది. ఇలాంటిది ఏ బోర్డూ కూర్చుని తయారుచేయలేదు.

ఇప్పుడు ఆ ఊరి బధిర పిల్లలు మాంపాంగ్‌లోని హాస్టల్ బడికి వెళ్ళి ఘనా సైగల భాషతో పెరుగుతున్నారు. మరో వైపు, బధిరులు బధిరుల్ని పెళ్ళి చేసుకోకూడదని 1975లో ఊరి పెద్ద కట్టడి చేశాడు. కొత్తగా పుట్టేవాళ్ళూ తగ్గారు. ముము కసా ముసలివాళ్ళ చేతుల్లో మిగులుతోంది. నేను సముద్రపుగాలి గారి పక్షమే.

లెక్కల మాస్టారు (నైరోబీ)

సముద్రపుగాలి గారూ, మీరు రాసింది చదివి మనసు చివుక్కుమంది. కానీ నొప్పి ఒక చోట ఉంటే మందు ఇంకో చోట రాస్తున్నారు. ఆ పిల్లాడికి భాష రావడం సమస్యా? వాళ్ళమ్మకి రాకపోవడం సమస్య.

ఇక్కడ కెన్యాలో కికుయు ఇంటి పిల్ల, లువో ఇంటి పిల్లాడు, సోమాలీ పిల్లాడు ఒకే హాస్టల్లో చేరి ఒకే సైగల భాషలో కొట్టుకుంటారు, నవ్వుకుంటారు. వాళ్ళ అన్నదమ్ములు, చెవులున్నవాళ్ళు, కలిస్తే స్వాహిలీయో ఇంగ్లీషో వెతుక్కోవాలి. ఏ భాషా లేని ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలకి ఒక దేశమంత చుట్టరికం దొరికింది. దాన్ని తీసేసి ఊరికో సైగ అంటే, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలన్నా, ఆసుపత్రిలో కడుపునొప్పి ఎక్కడో చెప్పాలన్నా ఇంటర్‌ప్రెటర్‌ని ఎక్కడినుంచి తేవాలి?

2010 రాజ్యాంగంలో పార్లమెంటు అధికార భాషలు మూడని రాశారు: స్వాహిలీ, ఇంగ్లీషు, కెన్యా సైగల భాష. ‘సైగల భాషలు’ అని రాసి ఉంటే అది అలంకారంగా మిగిలేది. ఒకటని పేరు పెట్టారు కాబట్టే రేపు కోర్టులో పట్టుకుని అడగొచ్చు. ఉగాండా 1995లోనే రాజ్యాంగంలో సైగల భాష ప్రస్తావన పెట్టింది. మన ఇండియా ఇంకా ఆలోచిస్తోంది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. మా దగ్గర బడుల్లో చాలాకాలం నేర్పింది కెన్యా సైగల భాష కూడా కాదు. ఇంగ్లీషు వాక్యాన్ని పదానికో సైగ చొప్పున చేతుల్లో పెట్టిన ముక్కలు. తరగతిలో అది, గంట కొట్టగానే హాస్టల్లో అసలు భాష. పిల్లలు రెండూ మోశారు.

గచ్చిబౌలి టు గౌటెంగ్

ఉద్యోగరీత్యా జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్నా. ఇక్కడి సంగతి కొంచెం వేరు, అందుకే చెప్తున్నా.

2023 జూలై 19న అధ్యక్షుడు రామఫోసా రాజ్యాంగ సవరణ మీద సంతకం పెట్టాడు, దక్షిణాఫ్రికా సైగల భాష 12వ అధికార భాష అయింది. కానీ ఆ ‘ఒక్క’ భాష ఒక్కటేనా అని దశాబ్దాలు కొట్లాడుకున్నారు. కారణం వర్ణవివక్ష. బధిరుల బడుల్నీ రంగుని బట్టి, ఇంటి భాషని బట్టి విడగొట్టారు. తెల్లపిల్లల బడుల్లో చేతులు ఎత్తనీయకుండా నోరు చూసి మాట్లాడమనేవాళ్ళు. నల్లపిల్లల బడుల్లో సైగలకి కొంత చోటిచ్చారు, పట్టించుకోక ఇచ్చిన చోటు. 1863లో కేప్‌టౌన్‌కి ఐరిష్ సన్యాసినులు తెచ్చిన సైగలు ఇంకోవైపు. దాంతో ఒకే వస్తువుకి ఒకే నగరంలో నాలుగు సైగలు. పదాలు చూసినవాళ్ళు ఇవి వేర్వేరు భాషలన్నారు, వాక్యం కట్టే తీరు చూసినవాళ్ళు భాష ఒకటే, యాసలు వేరన్నారు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర ఉన్నాయి కదా, ఆ మాదిరి.

ఇంతకీ అది బడిలో సబ్జెక్టుగా ఎలా వచ్చింది? దయతో కాదు. 2009లో ఒక బధిర విద్యార్థి కోర్టుకెక్కాడు. 2015 నుంచి బడుల్లో సొంత భాషగా నేర్పడం మొదలైంది. 2018లో మొదటిసారి మెట్రిక్‌లో (ఇక్కడ పన్నెండో తరగతి) ఆ భాషని సబ్జెక్టుగా పరీక్ష రాశారు.

2013 డిసెంబరు 10న మండేలా సంస్మరణ సభ గుర్తుందా? ఒబామా పక్కనే సైగల ఇంటర్‌ప్రెటర్‌గా నిలబడి ఒకాయన గంటలకొద్దీ అర్థంలేని చేతులు ఊపాడు. వినేవాళ్ళందరం చూసి ‘అబ్బ, ఎంత బాగా ఏర్పాటు చేశారు’ అనుకున్నాం. బధిరులు మొదటి నిమిషంలోనే పట్టేశారు. వాళ్ళలో ఒక్కరిని ముందు అడిగినా ఆయన ఆ వేదిక ఎక్కేవాడు కాదు.

వేలికొస

ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నాను. రాసినవాళ్ళందరూ వినేవాళ్ళే అనుకుంటా. నేను బధిరుణ్ణి, వరంగల్. తెలుగు నేను చదివి నేర్చుకున్న భాష, తప్పులుంటే సర్దుకోండి.

ఫోస్టర్ గురించి ఒక ముఖ్యమైన మాట ఎవరూ చెప్పలేదు. ఆయన బధిరుడు. పదకొండో ఏట మెదడువాపు లాంటి జబ్బుతో వినికిడి పోయింది. అమెరికాలో బధిరుల కోసం ఉన్న గాలాడెట్ కాలేజీ నుంచి 1954లో పట్టా పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. ఆ రోజుల్లో ‘శాస్త్రీయం’ అని చెప్పుకున్న పద్ధతి ఏమిటో తెలుసా? 1880లో మిలాన్‌లో వినే పెద్దమనుషులు కూర్చుని, బధిరుల బడుల్లో సైగలు వద్దు, పెదాలు చూసి మాట్లాడాలి అని తీర్మానించారు. ఆ నీడ నా దాకా వచ్చింది. మా బడిలో ఒక టీచరు మమ్మల్ని చేతుల మీద కూర్చోబెట్టేవారు. అక్షరాలా అరచేతులు తొడల కింద. ఆవిడ ‘ప’ అంటే మేం ఊదాలి, ఎదురుగా కట్టిన కాగితం కదలాలి. కాగితం కదిలేది, మాకేమీ అర్థమయ్యేది కాదు.

అలాంటి కాలంలో ఒక బధిరుడు వచ్చి చేతులు విప్పాడు. ఆఫ్రికా బధిరుల్నే టీచర్లుగా తయారుచేశాడు. 1987లో రువాండాలో విమానం కూలి చనిపోయేదాకా అదే పని. ‘అమెరికా భాష రుద్దాడు’ అనడం తేలిక. రుద్దకపోతే ఉండేది ముము కసా కాదు, చాలా ఊళ్ళలో ఉండేది ఖాళీ. పైగా అరవై ఏళ్ళలో అది అక్కడి చేతుల్లో పడి మారింది. ఫ్రెంచ్ దేశాల్లో చేతి అక్షరాలు ఫ్రెంచ్ మాటలకి తగ్గట్టు మార్చుకున్నారు. తెలుగులో ‘బల్లకట్టు’, ‘బస్సు’ రెండూ తెలుగే కదా.

అయినా నేను మాస్టారి పక్షం కాదు. అడమొరోబెలో నాకు ఈర్ష్య కలిగించేది ఆ కొలత సైగ కాదు. అక్కడ వినేవాళ్ళకి కూడా సైగలు వచ్చు. బధిరుడు కొట్టుకి వెళ్తే ఇంటర్‌ప్రెటర్ అక్కర్లేదు. నేను మా ఊళ్ళో ఉప్పు కొనాలన్నా ఫోన్లో టైప్ చేసి చూపిస్తాను. దేశానికి ఒకే సైగల భాష వస్తే ఇంటర్‌ప్రెటర్ వస్తాడు. ఊరంతా సైగ చేయడం రాదు. ఆ పిల్లల్ని చిన్నప్పుడే హాస్టల్‌కి పంపితే వాళ్ళు ఒక భాష సంపాదిస్తారు, ఊరు ఒక భాష పోగొట్టుకుంటుంది.

హాస్టల్ వద్దని కూడా అనలేను. నాకు భాష దొరికింది అక్కడే. రాత్రి లైట్లు తీసేశాక దుప్పటి కింద టార్చి పెట్టి, ఆ వెలుగులో చేతులు పెట్టి కథలు చెప్పుకునేవాళ్ళం. సెల్‌లు అయిపోతే ఆ రాత్రికి మూగబోయినట్టే.

ఎన్ని భాషలు అన్నది కాదు, ఎవరు తేలుస్తారన్నది నా ప్రశ్న. ఉగాండాలో అలెక్స్ ఎన్‌డీజీ అనే బధిరుడు 1996లోనే పార్లమెంటుకి వెళ్ళాడు. దక్షిణాఫ్రికాలో విల్మా న్యూహౌట్-డ్రూషెన్ 1999లో. మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం ఒకే పేరాలో ‘భారతీయ సైగల భాషని దేశమంతా ప్రామాణికం చేస్తాం’ అనీ, ‘స్థానిక సైగల భాషల్నీ గౌరవించి వీలైన చోట నేర్పుతాం’ అనీ రాసింది. ఆ ‘వీలైన చోట’ ఎక్కడో ఎవరైనా చెప్తే వెళ్ళి చూసొస్తాను.

మాటలపుట్ట

వేలికొస గారూ, ఫోస్టర్ బధిరుడన్న సంగతి తెలిసి కూడా రాయలేదు. నా వాదనకి అడ్డొస్తుందనే కాబోలు. తప్పే.

మీ మాటకి ఒక సంగతి కలుపుతా. అమెరికాలోనే మార్తాస్ విన్‌యార్డ్ అని ఒక ద్వీపం ఉంది, అక్కడా వంశపారంపర్య చెవుడు, అక్కడా వినేవాళ్ళందరికీ సైగలు వచ్చేవి. పిల్లల్ని హార్ట్‌ఫర్డ్ బడికి పంపడం మొదలయ్యాక ద్వీపం సైగలు కొన్ని అమెరికా సైగల భాషలో కలిశాయి, ద్వీపంలో మాత్రం అవి అంతరించాయి. ఆ వంశపు చెవుడున్న ఆఖరి మనిషి 1952లో పోయింది. మాంపాంగ్ దగ్గర ఇప్పుడు జరుగుతున్నది కొత్త కథ కాదు. ఉత్తర నైజీరియాలోని కానోలో ‘మాగనార్ హన్ను’, అంటే చేతి మాట అని హౌసా బధిరుల సొంత సైగల భాష ఉంది. అది పెద్ద ఊరు, జనం ఎక్కువ, కాబట్టి గట్టిగా నిలబడే ఆశ ఉంది. ఊరు చిన్నదైతే ఒక బడి బస్సు చాలు.

లెక్కల మాస్టారు (నైరోబీ)

బస్సు ఆపమంటారా అయితే?

మాటలపుట్ట

బస్సు ఆపమనలేదు మాస్టారూ. టీచరుని ఎక్కించుకుని అటు కూడా వెళ్ళమంటున్నా. మొదటి మూడు తరగతులు ఊళ్ళోనే, ఊరి బధిర పెద్దలతో. హాస్టల్ ఆ తర్వాత.

సముద్రపుగాలి (అక్రా, ఘనా)

వేలికొస గారి పోస్టు రెండుసార్లు చదివాను. ‘తప్పు’ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం.

నిన్న సాయంత్రం వాచ్‌మన్ భార్యని అడిగాను, పిల్లాడి సైగలు నేర్చుకుంటావా, శనివారాలు చర్చిలో ఎవరైనా నేర్పితే వెళ్తావా అని. ‘శనివారం సంతకి చేపలు ఎవరు తీసుకెళ్తారు?’ అంది. మాస్టారూ, మందు ఎక్కడ రాయాలో మీరు బాగానే చెప్పారు, ఆవిడకి టైము ఎవరిస్తారో కూడా చెప్పండి. పిల్లాడు మాత్రం ఈ మధ్య చెల్లెలికి ఏదో నేర్పుతున్నాడు. దానికి ఐదేళ్ళు. ఇద్దరూ గేటు దగ్గర నన్ను చూసి ఏదో సైగ చేసుకుని నవ్వుతారు. నా పొట్ట గురించే అని అనుమానం.

బెజవాడ బుల్లోడు

పుట్ట గారూ, ఆ చేప కొలిచే సైగ వీడియో ఉంటే పెట్టండి. మా నాయనమ్మ కూడా అచ్చం అలాగే చూపించేది, ‘ఇంత బొమ్మిడాయి పట్టారురా’ అని.